టైరు అరగాలి, అప్పుడే అది రేసు

2024లో అమెరికాలో, టెనెసీ రాష్ట్రంలోని బ్రిస్టల్ ట్రాక్ మీద నాస్కార్ (అక్కడి కార్ల రేసుల సంస్థ) కప్ రేసులు రెండు జరిగాయి. ఒకటి మార్చి 17న, రెండోది సెప్టెంబరు 21న. అదే ట్రాక్, అవే 500 ల్యాపులు (చుట్లు), అవే కార్లు, అవే టైర్లు. మార్చిలో మొదటి స్థానం 54 సార్లు చేతులు మారింది. 16 మంది డ్రైవర్లు ఎంతో కొంతసేపు అందరికన్నా ముందు నడిచారు. చిన్న ట్రాకుల మీద ఇన్ని మార్పులు నాస్కార్ చరిత్రలో అంతకుముందు ఎన్నడూ జరగలేదు. సెప్టెంబరుకు వచ్చేసరికి కైల్ లార్సన్ 500లో 462 ల్యాపులు తానొక్కడే ముందుండి గెలిచాడు. రెండో కారు అతనికి ఏడు సెకన్లకు పైగా వెనక ఉంది.

మార్చిలో టైర్లు అరిగాయి, సెప్టెంబరులో అరగలేదు. ఆ రెండు రాత్రుల తేడా అంతా ఇక్కడే ఉంది. కోలగా ఉండే ఓవల్ ట్రాక్ మీద పోటీ బాగుండాలంటే ముందు టైరు అరగాలని, ఇంజను శక్తి, రెక్కల కొలతలు, పాయింట్ల లెక్కలు ఆ తర్వాతేనని నా వాదన.

మనవాళ్లలో కార్ల రేసులు చూసేవాళ్లు ఎక్కువగా ఫార్ములా వన్ చూస్తారు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ రేసుతో ఇంకొందరికి ఆసక్తి కలిగింది. నాస్కార్ పేరెత్తితే మాత్రం "ఎడమకు తిప్పుతూ గిరగిరా తిరగడమేగా" అని కొట్టిపారేస్తారు. నాస్కార్ జట్లలో ఎక్కువ భాగం నార్త్ కరోలినాలోని షార్లట్ చుట్టుపక్కల కాంకర్డ్, మూర్స్‌విల్, హంటర్స్‌విల్ లాంటి ఊళ్లలోనే ఉన్నాయి. అక్కడ తెలుగు కుటుంబాలకు లోటు లేదు. వర్క్‌షాపు ముందునుంచి రోజూ ఆఫీసుకు వెళ్తూ కూడా లోపల ఏం జరుగుతుందో పట్టించుకోని వాళ్లే ఎక్కువ. ఎడమకు తిప్పడమే నిజం, ఒప్పుకుంటాను. ఆ ఒక్క మలుపునే వెయ్యిసార్లు తిప్పాల్సి వస్తే టైరు ఏమవుతుందన్నదే ఈ ఆట.

బ్రిస్టల్ ట్రాక్ 1961లో మొదలైంది. చుట్టుకొలత 0.533 మైలు, అంటే 860 మీటర్ల లోపే. 1992 నుంచీ దాని మీద తారు లేదు, కాంక్రీటే. రెండు కొసల్లోనూ వంపు పాతిక డిగ్రీలకు పైగా వాలు కట్టి ఉంటుంది. దాని మీద నిలబడితే మడమలు నొప్పి పుడతాయి. కొత్త టైర్ల మీద ఒక్క చుట్టుకు 15 సెకన్ల పైచిలుకు పడుతుంది. 500 చుట్లంటే దాదాపు 430 కిలోమీటర్లు. చుట్టుకు రెండు కొసలు కాబట్టి ఒక్క రేసులో కారు బరువంతా వెయ్యిసార్లు కుడివైపు టైర్ల మీద పడుతుంది. కారు బరువు ఒకటిన్నర టన్ను. నాలుగు టైర్లలో ఎక్కువ దెబ్బ తినేది కుడి ముందు టైరు. కారును తిప్పే పని దానిది, తిరగనంటున్న బరువును మోసే పని కూడా దానిదే.

2022లో వచ్చిన కొత్త తరం కారులో చాలా భాగాలు అన్ని జట్లూ ఒకే తయారీదారు దగ్గర కొనాలి. ఛాసిస్, గేర్ పెట్టె, సస్పెన్షన్ ముక్కలు, బాడీ పలకలు అన్నీ అంతే. పాత కారులో ఒక్కో జట్టు తన షాపులో సొంతంగా చేసుకున్నవి ఇప్పుడు బయటినుంచి పెట్టెల్లో వస్తున్నాయి. దీనివల్ల ఖర్చు సంగతి ఎలా ఉన్నా, కార్ల మధ్య వేగంలో తేడా బాగా తగ్గింది. 15 సెకన్ల ల్యాపులో పదో వంతు సెకను తేడా ఉన్న కార్లు ఒకదాని వెనక ఒకటి నడుస్తుంటే వెనక కారు ముందు కారును దాటలేదు. ముందు కారు చీల్చి వదిలిన చెదిరిన గాలిలోకి వెళ్లగానే వెనక కారు ముందుభాగం మీద గాలి ఒత్తిడి తగ్గి, స్టీరింగు తిప్పినా ముక్కు తిరగదు. ఆ నష్టాన్ని పూడ్చుకుని, పక్కకు వచ్చి, ఇంకో వరసలో దాటాలంటే పదో వంతు ఎక్కడ చాలుతుంది? అంతకు రెండు మూడు రెట్లైనా తేడా కావాలి.

కార్లు ఒకటే, ఇంజన్లు దాదాపు ఒకటే అయినప్పుడు ఆ తేడా టైరు నుంచే రావాలి. ఒక చిన్న లెక్క చూడండి, అంకెలు నేను ఊహించి వేసుకున్నవి. మొదటి డ్రైవరు కొత్త టైర్ల మీద 15.8 సెకన్ల ల్యాపు కొడతాడు, కానీ టైరును కాల్చేస్తున్నాడు కాబట్టి ల్యాపు ల్యాపుకూ 0.03 సెకను నెమ్మదిస్తాడు. రెండోవాడు 16.0తో మొదలుపెట్టి ల్యాపుకు 0.01 మాత్రమే పోగొట్టుకుంటాడు. పది ల్యాపులు గడిచేసరికి మొదటివాడు 1.1 సెకను ముందుంటాడు. చూసేవాళ్లకు అప్పుడే రేసు అయిపోయినట్టు ఉంటుంది. పదకొండో ల్యాపులో ఇద్దరి వేగమూ సమానమవుతుంది. ఇరవై ఒకటో ల్యాపుకు ఇద్దరూ పక్కపక్కనే ఉంటారు. నలభై ల్యాపులు పూర్తయ్యేసరికి రెండోవాడు ఏడున్నర సెకన్లు, అంటే దాదాపు అర చుట్టు, ముందుకు వెళ్లిపోతాడు. మనవాళ్లు నిదానమే ప్రధానం అన్నది ఇక్కడ స్టాపు వాచీలో కనిపిస్తుంది. ఇప్పుడు అరుగుదల తీసేయండి. ఇద్దరూ ల్యాపుకు 0.002 చొప్పునే నెమ్మదిస్తారనుకోండి. మొదటివాడు మొదట్లో సంపాదించిన 0.2 సెకను ప్రతి ల్యాపులోనూ పెరుగుతూనే పోతుంది, రెండోవాడు ఎంత ఒద్దికగా నడిపినా వృథాయే. 2024 సెప్టెంబరులో బ్రిస్టల్‌లో జరిగింది ఇదే.

మరి ఒకే టైరు ఒకసారి అరిగి ఇంకోసారి ఎందుకు అరగలేదు? కారణం రబ్బరు ఎక్కడికి పోతుందన్న దాంట్లో ఉంది.

నడిచే టైరు మీదనుంచి రబ్బరు పొరలు పొరలుగా ఊడుతూనే ఉంటుంది. ట్రాక్ వెచ్చగా ఉంటే ఆ రబ్బరు కాంక్రీటు సందుల్లో అతుక్కుని నల్లటి చార పడుతుంది. చార పడ్డాక టైరు నడిచేది కాంక్రీటు మీద కాదు, రబ్బరు మీద. గరుకుతనం పోతుంది, పట్టు పెరుగుతుంది, అరుగుదల పడిపోతుంది. ట్రాక్ చల్లగా ఉంటే రబ్బరు అతుక్కోదు. నలిగి, ఉండలు కట్టి, గోలీల్లా దొర్లి వాలు పైభాగానికి చేరుతుంది. కింద కాంక్రీటు మొదట్లో ఎంత గరుకుగా ఉందో వందో ల్యాపుకూ అంతే గరుకు. ప్రతి కొత్త టైరునూ ఆకురాయిలా గీస్తూనే ఉంటుంది.

మార్చి 17న జరిగింది ఇదే. 2021 నుంచి మూడేళ్ల పాటు వసంతకాలపు బ్రిస్టల్ రేసును కాంక్రీటు మీద మట్టి పోసి నడిపారు. 2024లో మళ్లీ కాంక్రీటుకు వచ్చారు. వాతావరణం చల్లగా ఉంది. పట్టు కోసం ట్రాక్ కింది వరసలో అంతకుముందు వాడిన రసాయనం బదులు ఈసారి రెజిన్ పూశారు. టైరు మాత్రం 2023 శరత్కాలంలో నడిచినదే, అప్పుడు ఏ గొడవా రాలేదు. మార్చిలో యాభై ల్యాపులు నిండకముందే కుడి టైర్ల తొక్కు (నేలకు ఆనే పై పొర) అరిగి లోపలి దారాలు తేలడం మొదలైంది. రేసు మధ్యలోనే నాస్కార్ జట్లకు ఒక సెట్టు అదనంగా ఇవ్వాల్సి వచ్చింది. పై వరస నిండా రబ్బరు ఉండలు. అందులోకి చక్రం పెట్టిన కారు ఇసుకలో బండిలా జారింది.

ఆ రోజు ఎవరు గెలిచారో చూడండి. మొదట డెన్నీ హామ్లిన్, తర్వాత మార్టిన్ ట్రూయెక్స్ జూనియర్, మూడో స్థానంలో బ్రాడ్ కెసెలోస్కీ. వయసులు వరసగా 43, 43, 40. ఒక్క ల్యాపు కూడా వెనకబడకుండా రేసు పూర్తి చేసినవి ఐదే కార్లు. సిమ్యులేటర్ల మీద పెరిగి ప్రతి ల్యాపునూ అర్హత ల్యాపులా (రేసుకు ముందు ఎవరు ఎక్కడ నిలవాలో తేల్చే ల్యాపు) కొట్టడం నేర్చిన కుర్రవాళ్లకు ఆ రోజు ఊపిరాడలేదు. చిన్న ఊళ్ల ట్రాకుల మీద టైరు దాచుకుంటూ ఎదిగిన తరానికి ఆ రోజు పండగ. ఆటలో అనుభవానికి విలువ ఉండాలనుకునేవాళ్లు ఈ ముగ్గురి వయసులనూ గుర్తుపెట్టుకోవాలి.

టైరు దాచుకోవడమంటే నెమ్మదిగా పోవడం కాదు. నేరుగా ఉన్న దారి కొసలో యాక్సిలరేటరు మీదనుంచి కాలు ఒక కారు పొడవు ముందే తీస్తారు. బ్రేకు ఒక్కసారిగా తొక్కితే ముందు టైరు ఉపరితలం ఒక్కసారిగా వేడెక్కుతుంది, అందుకని మెల్లగా, ఎక్కువసేపు తొక్కుతారు. వంపు మధ్యలో కారు తిరిగేదాకా ఓపిక పట్టాలి. అది తిరగకముందే స్టీరింగు ఇంకాస్త తిప్పితే కుడి ముందు టైరు దొర్లడం మాని పక్కకు రాసుకుపోతుంది. టైరుకు దీనంత చేటు ఇంకోటి లేదు. బయటికి వచ్చేటప్పుడు స్టీరింగు నేరుగా వచ్చాకే యాక్సిలరేటరు. తొందరపడితే వెనక టైర్లు గిర్రున తిరిగి కాలతాయి. ఇంత చేసినా పోయేది ల్యాపుకు సెకనులో ఐదో వంతు. పై లెక్కలోని 0.2 అదే.

ఇక పిట్టు, అంటే రేసు మధ్యలో ఆగి టైర్లు మార్చుకునే, పెట్రోలు పోయించుకునే చోటు. గోడ దాటి వచ్చేది ఐదుగురు: టైరు మార్చేవాళ్లు ఇద్దరు, టైరు మోసేవాడు ఒకడు, జాకీవాడు, పెట్రోలు పోసేవాడు. కారు ఆగీ ఆగకముందే నలుగురు కుడివైపుకు పరిగెడతారు. జాకీ పడి కుడివైపు రెండు చక్రాలూ ఒకేసారి లేస్తాయి. గన్నుతో నట్టు విప్పి, పాతది లాగి, కొత్తది తోసి, నట్టు బిగిస్తారు. జాకీ దించి, కారు ముందునుంచి, వెనకనుంచి తిరిగి ఎడమవైపు అదే పని చేస్తారు. నాలుగు టైర్లూ పది సెకన్ల అటూ ఇటూలో అయిపోతాయి. పాత కారులో చక్రానికి ఐదు నట్లు, వాటిని రిమ్ముకు ముందే జిగురుతో అంటించి ఉంచేవాళ్లు. ఇప్పుడు మధ్యలో ఒకటే నట్టు. సులువనిపిస్తుంది గానీ ఇందులోనే ఒక ప్రమాదం ఉంది. రిమ్ము వెనక రంధ్రాలు హబ్బు మీది పిన్నుల్లో సరిగ్గా కూర్చోకపోతే నట్టు బిగిసినట్టే గన్ను చప్పుడు చేస్తుంది. కారు వదిలాక రెండు మలుపులకు చక్రం ఊగుతుంది, మూడో మలుపుకు ఊడుతుంది. ట్రాక్ మీద చక్రం ఊడితే ఆ జట్టులో ఇద్దరిని రెండు రేసులు పక్కన పెడతారు.

టీవీలో చూపించని అసలు పని ఆ పది సెకన్ల తర్వాత మొదలవుతుంది. విప్పిన టైరు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. తొక్కంతా ట్రాక్ మీదనుంచి ఏరుకొచ్చిన రబ్బరు తుక్కుతో గడ్డలు కట్టి ఉంటుంది. ఒకతను గ్యాసు మంటతో ఆ తుక్కును మెత్తబరిచి గీకుడు పలుగుతో తీసేస్తాడు. అడుగున తొక్కు అడ్డంగా, లోపలి అంచునుంచి బయటి అంచుదాకా, సన్నటి రంధ్రాలు వరసగా కనిపిస్తాయి. తయారీలోనే పెట్టినవి అవి, అరుగుదల కొలవడానికే. లోతు కొలిచే గేజి సూదిని ఒక్కో రంధ్రంలో దించి అంకె చెబుతాడు, పక్కనున్నవాడు కాగితం మీద రాసుకుంటాడు. లోపలి అంచు ఎక్కువ అరిగితే చక్రానికి పెట్టిన వాలు ఎక్కువైందని, రెండు అంచులూ అరిగి మధ్య మిగిలితే గాలి తక్కువైందని, మధ్య మాత్రమే అరిగితే గాలి ఎక్కువైందని అర్థం. అన్ని రంధ్రాలూ దాదాపు సమానంగా ఉండి కూడా లోతు మిగలకపోతే సెటప్‌లో దోషం లేదు, డ్రైవరు కాలిదే. ఆ మాట రేడియోలో చెప్పాల్సింది జట్టును నడిపించే క్రూ ఛీఫ్. ఎలా చెప్పాలన్నది కూడా ఒక విద్య.

గాలి సంగతి కూడా చెప్పాలి. పెట్రోలు బంకులో "32 పెట్టు బాబూ" అని నాలుగు టైర్లకూ ఒకటే కొట్టిస్తాం. ఓవల్ మీద నాలుగూ నాలుగు రకాలు. ఎడమవైపు బాగా తక్కువ, కుడివైపు ఎక్కువ. కుడి టైరు చుట్టుకొలత కూడా ఎడమదానికన్నా కాస్త పెద్దదే, కారు తనంతట తాను ఎడమకు మొగ్గేలా. టైరు వేడెక్కుతున్నకొద్దీ లోపల ఒత్తిడి పెరుగుతుంది. తక్కువ గాలితో మొదలుపెడితే వేడెక్కాక సరైన ఒత్తిడికి వచ్చి చాలాసేపు పట్టు ఇస్తుంది, కానీ మొదటి నాలుగైదు ల్యాపులు పక్కగోడ నలిగి నలిగి చిట్లే ప్రమాదం ఉంది. ఎక్కువ గాలితో మొదలుపెడితే మొదటి పది ల్యాపులు బాణంలా పోతుంది, ఆ తర్వాత జారుతుంది. మిగిలిన ల్యాపులు ముప్పై అయితే ఒకలా, పది అయితే ఇంకోలా పెట్టాలి. గాలిలో ఒక పాయింటు తేడా పదో ల్యాపులో కాదు, ముప్పయ్యో ల్యాపులో బయటపడుతుంది. ఇంకా సరిపోకపోతే వెనక అద్దం దగ్గరి రంధ్రంలోంచి పొడుగాటి పానా దూర్చి స్ప్రింగు మీది బరువును సగం తిప్పు, పావు తిప్పు చొప్పున మారుస్తారు.

ఎప్పుడు పిట్టుకు రావాలన్నది దీనికన్నా కష్టం. బ్రిస్టల్‌లో పచ్చ జెండా కింద, అంటే రేసు పూర్తి వేగంతో సాగుతుండగా, పిట్టుకు వస్తే ఒక ల్యాపుకు పైనే పోతుంది. మీరు వచ్చి వెళ్లిన మరుక్షణం ఎవరో గోడకు గుద్ది పసుపు జెండా (అందరూ నెమ్మదించాలన్న గుర్తు) పడితే, ఇంకా రాని వాళ్లంతా ఆ నెమ్మదిలో తీరిగ్గా టైర్లు మార్చుకుని మీకన్నా ల్యాపు ముందుంటారు. వెనకబడ్డవాళ్లలో మొదటివాడికి మాత్రం ఒక ల్యాపు తిరిగి ఇస్తారు. రాకుండా సాగదీస్తే దారాలు తేలతాయి. తేలాక టైరు ఎన్ని ల్యాపులు ఓపుతుందో ఎవరూ చెప్పలేరు. మార్చిలో ప్రతి క్రూ ఛీఫూ నలభై ల్యాపులకోసారి ఈ నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. ఆ 54 మార్పుల్లో చాలా భాగం ఇలా పుట్టినవే.

దీన్ని కాదనేవాళ్లు వెంటనే 2008 ఇండియానాపొలిస్ గుర్తుచేస్తారు. ఆ మాట నిజమే, దాన్ని దాటవేయకూడదు. ఆ ఏడాది జూలై 27న బ్రిక్‌యార్డ్ 400లో టైర్లు పది, పన్నెండు ల్యాపులకు మించి నిలవలేదు. ఊడిన రబ్బరు ట్రాక్‌కు అతుక్కోకుండా పొడిలా ఎగిరిపోయింది. చివరికి నాస్కారే పది, పన్నెండు ల్యాపులకోసారి పసుపు జెండా వేసి అందరినీ పిట్టుకు పిలిచింది. జిమ్మీ జాన్సన్ గెలిచాడు గానీ దాన్ని రేసు అనడం కష్టం. 2022 సెప్టెంబరులో టెక్సస్‌లో ముందు నడుస్తున్న కార్లకే ఒకదాని తర్వాత ఒకటిగా టైర్లు పోయి గోడకు కొట్టుకున్నాయి.

కానీ అరగడం వేరు, పేలడం వేరు. అరిగే టైరు ముందు చెబుతుంది. ల్యాపు సమయం పెరుగుతుంది, కారు ముక్కు తిరగనంటుంది, స్టీరింగులో సన్నటి వణుకు మొదలవుతుంది. డ్రైవరు వినగలిగితే జాగ్రత్త పడతాడు, వినకపోతే నష్టపోతాడు, ఆ తప్పు అతనిదే. పేలే టైరు ఏమీ చెప్పదు. బాగా నడిపినవాణ్నీ, చెడ్డగా నడిపినవాణ్నీ ఒకేలా గోడకు కొడుతుంది. కొత్త కారుకు 18 అంగుళాల రిమ్ము, పొట్టి పక్కగోడ. పాత 15 అంగుళాల రిమ్ము మీది పొడవాటి పక్కగోడలా ఇది వంగదు. ఒకటికి మించి టైర్లలో గాలి పోతే కారు అడుగు నేలకు ఆని కదలనైనా కదలదు. అందుకే నేనడిగేది బలహీనమైన టైరు కాదు. పక్కగోడ గట్టిగా, తొక్కు మెత్తగా ఉండాలి. రెండు సెకన్ల వేగం పోయేదాకా అరగాలి, అప్పటికీ గాలి నిలవాలి. 1997 నుంచీ కప్ రేసులకు టైర్లిస్తున్నది గుడ్‌ఇయర్ ఒక్కటే. టైరు పేలి కారు గోడకు కొట్టుకుంటే టీవీలో కనిపించేది ఆ కంపెనీ పేరే కాబట్టి గట్టి టైరు వైపే మొగ్గడం వ్యాపారపరంగా సహజం. అరుగుదల కావాలని అడగాల్సిన బాధ్యత, అడిగి తర్వాత వచ్చే నిందను పంచుకోవాల్సిన బాధ్యత నాస్కార్‌దే.

అది సాధ్యమేనని డార్లింగ్టన్ డెబ్బై ఏళ్లకు పైగా చూపిస్తూనే ఉంది. సౌత్ కరోలినాలోని ఆ ట్రాక్‌ది నిజంగానే కోడిగుడ్డు ఆకారం. 1950లో మొదలైన దాన్ని హెరాల్డ్ బ్రాసింగ్టన్ కట్టేటప్పుడు పొలం అమ్మినాయన తన చేపల చెరువు జోలికి రావద్దన్నాడు, అందుకని ఒక కొస ఇరుకుగా కట్టాల్సి వచ్చింది. అక్కడ జరిగిన మొదటి సదర్న్ 500కు 75 కార్లు వచ్చాయి. గెలిచింది అర్హతలో బాగా వెనకబడ్డ జానీ మాంట్జ్ ప్లిమత్ కారు. వేగంగా పోయినవాళ్లు మామూలు టైర్లు ఒకదాని తర్వాత ఒకటి చించుకుంటూ పిట్టులో కూర్చుంటే, అతను గట్టి ట్రక్కు టైర్లు వేసుకుని నిమ్మళంగా తిరుగుతూ వాళ్లను దాటేశాడు. ఈ రోజుకీ అక్కడి తారు గరుకే. 1.366 మైళ్ల ల్యాపు కొత్త టైర్ల మీద 29 సెకన్ల అటూ ఇటూ, పాతబడ్డాక 31 దాటుతుంది. ఒక కారు పది ల్యాపుల ముందు టైర్లు మార్చుకుంటే మిగతావి దాని ముందు నిలబడ్డట్టే ఉంటాయి. అందుకే డార్లింగ్టన్ రేసులో ఎవరు ఎప్పుడు పిట్టుకు వచ్చారో రాసుకుంటూ చూడని వాళ్లకు సగం ఆట కనిపించదు.

టైరు తర్వాత నాకున్న పెద్ద అభ్యంతరం స్టేజీల విరామాల మీద. 2017 నుంచి ప్రతి రేసునూ భాగాలుగా కోసి, భాగం పూర్తికాగానే పసుపు జెండా వేస్తున్నారు. బ్రిస్టల్‌లో 125వ ల్యాపు దగ్గర ఒకటి, 250వ ల్యాపు దగ్గర ఒకటి. ఒకడు కష్టపడి టైరు దాచుకుని, ఇంకొకడు కాల్చేసుకుని, ఇద్దరి మధ్య తేడా పండబోయే సమయానికి జెండా పడుతుంది. అందరూ కలిసి పిట్టుకు వెళ్లి కొత్త టైర్లతో పక్కపక్కనే నిలబడతారు. దాచినవాడికి ఏం మిగిలింది? పాయింట్లు ఇవ్వదలిస్తే ఇవ్వొచ్చు, ఆ ల్యాపులో ఎవరు ఎక్కడున్నారో చూసి ఇచ్చేసి రేసును సాగనివ్వొచ్చు. 2023లో రోడ్డు ట్రాకుల మీద సరిగ్గా అలాగే చేశారు, ఏడాది తిరగ్గానే పాత పద్ధతికి వచ్చేశారు. టైరు అరిగే ఓవల్స్ మీదైనా ఆ పద్ధతి తేవాలి.

ఇంజను శక్తి గురించి క్లుప్తంగా చెబుతాను. కొత్త కారు వచ్చినప్పటినుంచీ చాలా ట్రాకుల మీద 670 హార్స్‌పవర్ ఉండేది. ఒకటిన్నర మైలు కన్నా చిన్న ట్రాకులకు 2026 నుంచి 750కి పెంచాలని నిర్ణయించారు. మంచిదే. శక్తి పెరిగితే వంపునుంచి బయటికి వచ్చేటప్పుడు వెనక టైర్లు ఇంకాస్త తిరిగి కాలతాయి, తొందరపడే కాలికి శిక్ష పడుతుంది. అయితే ఆ మేలు కూడా టైరు ద్వారానే జరగాలి. అరగని టైరు మీద 750 పెట్టినా 900 పెట్టినా ముందున్నవాడు ఇంకా వేగంగా ముందుంటాడు, అంతే.

2024 సెప్టెంబరు తర్వాత 2025 ఏప్రిల్‌లో బ్రిస్టల్‌లో అదే కథ: లార్సన్ 411 ల్యాపులు ముందున్నాడు. ఆ ఏడాది సెప్టెంబరు 13 రాత్రికి గుడ్‌ఇయర్ కుడివైపు టైరుకు మెత్తటి తొక్కు తెచ్చింది, వాతావరణమూ చల్లబడింది. నలభై ల్యాపుల లోపే టైర్లు అరిగిపోవడం మొదలైంది. చివరిదాకా ఎవరిదో తెలియని రేసులో క్రిస్టఫర్ బెల్ గెలిచాడు. రేసు మధ్యలోనే డ్రైవర్లు విసుక్కున్నారు, పూర్తి వేగంతో నడపనివ్వని రేసు ఏం రేసని. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, గోడకు కొట్టుకునేది వాళ్లే. అయినా వంద శాతం ఎప్పుడు నడపాలో, ఎనభై శాతం ఎప్పుడు నడపాలో తేల్చుకునే భారం డ్రైవరు మీద పడ్డప్పుడే పక్కవాడికీ అతనికీ తేడా తెలుస్తుంది. అది తప్పిస్తే మిగిలేది ముందురోజు కొట్టిన అర్హత ల్యాపే.

బ్రిస్టల్ రాత్రి రేసు మనకు ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి మొదలవుతుంది. చూసేటట్టయితే తెర పక్కన స్థానాల పట్టీ వదిలేసి ల్యాపు సమయాలు చూడండి. పచ్చ జెండా పడ్డాక ఐదో ల్యాపులో మొదటి పది కార్ల సమయాలు రాసుకోండి, మళ్లీ ఇరవై ఐదో ల్యాపులో రాయండి. అందరివీ అర సెకనులోపే పెరిగితే ట్రాక్ రబ్బరు పట్టుకుందని లెక్క, ఇంకాస్త నిద్రపోవచ్చు. ఒకడిది సెకనున్నర పెరిగి, ఆరో స్థానంలో ఉన్న ఇంకొకడిది అర సెకనే పెరిగితే, ఆ ఆరోవాడి కుడి ముందు టైరు మీద కన్నేయండి. వాలు పైభాగంలో రబ్బరు ఉండలు ఎంతవరకు దిగాయో, వాటికి ఎన్ని అంగుళాల కిందుగా అతను చక్రం నడుపుతున్నాడో కనిపిస్తుంది.